పద్నాలుగో నిమిషాన తెల్లబడ్డ అద్దం

రాళ్ళకుంట్ల పోలీసు స్టేషన్ గోడ గడియారం మధ్యాహ్నం ఒకటీ ముప్పై అయిదు చూపిస్తోంది. నాలుగింటికి డ్రైవరు పరమేష్‌ను మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. స్టేషన్ నుంచి మూడింటికే బయలుదేరాలి. రిమాండు పడ్డ మనిషిని బయటికి తేవడమంటే బావిలో పడ్డ చెంబును తీయడమే. గాలం ఉన్నంత మాత్రాన మొదటి విసురుకే తగులుతుందన్న నమ్మకం లేదు.

అంటే రామలక్ష్మమ్మకు మిగిలింది గంటా ఇరవై అయిదు నిమిషాలు.

ముప్పై నాలుగేళ్ళు పోలీసు ఉద్యోగం చేసి, హెడ్‌కానిస్టేబుల్‌గా దిగిపోయిన మనిషి ఆమె. బీమా కంపెనీ వాళ్ళు తేల్చుకోలేని బండ్ల కేసులు ఇప్పుడు ఆమె చేతికొస్తాయి. చదివింది ఏడో తరగతి. మరిచిపోయింది మాత్రం ఏదీ లేదు. ఎదురుగా కుర్చీలో ఉన్న సీఐ వీరభద్ర కొత్తగా ఎస్సై అయినప్పుడు, పంచనామా రాయడం ఆమె దగ్గరే నేర్చుకున్నాడు. ఆ సంగతి ఇద్దరికీ గుర్తుండటమే చిక్కు.

"శానా దూరం వచ్చినావు రామలక్ష్మమ్మా. కాఫీ తాగి పో. కేసులో ఇంగేం మిగల్లేదు," అన్నాడు వీరభద్ర.

"మిగిలిందేదో నేను సూసుకుంటా సార్. నువ్వు కాఫీ చెప్పు."

కేసు చూడటానికి చిన్నదే. నిన్న, గురువారం తెల్లవారి ఆరింటికి బండలు కోసే ఫ్యాక్టరీ ఓనరు ఓబుళేశును ఎక్కించుకుని పరమేష్ కడపకు బయలుదేరాడు. ఆరూ పద్నాలుగుకు, ఓర్వకల్లు రాతిగుట్టల పక్కన పాత క్వారీ మలుపులో, తిరగాల్సిన బండి తిరగలేదు. నేరుగా పోయి గట్టు మీది రాతి దిమ్మెలకు ఎడమ పక్కగా గుద్దుకుంది. ఆ దిమ్మెలే లేకుంటే ఇద్దరూ అరవై అడుగుల గుంతలో ఉండేవాళ్ళు. ఎడమ పక్క కూర్చున్న ఓబుళేశుకు తలమీద దెబ్బ. కర్నూలులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్పృహ లేకుండా పడి ఉన్నాడు. పరమేష్‌కు పదకొండింటికి తెలివి వచ్చింది. ఓబుళేశు బావమరిది, ఫ్యాక్టరీలో వాటాదారు గోపన్న ఫిర్యాదు ఇచ్చాడు: సోమవారం ఓనరు తిట్టాడన్న కక్షతో పరమేష్ తాగి, బండిని కావాలని గుంత మీదికి తోలాడని. అది హత్యాయత్నం కేసైంది.

"అద్దం మసకబారిందంట!" అన్నాడు వీరభద్ర. "నాలుగు నెల్లుగా ఈ సీమలో చుక్క వాన లేదు. ఇదేమన్నా ఊటీనా? అయినా నేను గుడ్డిగా రాయలేదు. బండి ఈడికి తెప్పించి అయిదు నిమిషాలు ఇంజను తిప్పి సూసినాం. అద్దం పెండ్లికూతురి మొకం మాదిరి తళతళలాడె."

"గాలి అద్దం మీదికి తిప్పినారా సార్?"

"ఎందుకు?"

"ఊరికే అడిగినా."

పరమేష్ లోపలి గదిలో నేల మీద కూర్చుని ఉన్నాడు. నుదుటికి కట్టు, చేతులకు బేడీలు. గేటు దగ్గర అతని భార్య శివజ్యోతి పొద్దున్నుంచి సంగటి డబ్బా పట్టుకుని నిలబడే ఉంది. లోపలికి పంపితే తినలేదు, వెనక్కి పంపాడు. రామలక్ష్మమ్మ ముక్కాలిపీట లాక్కుని అతని ఎదురుగా కూర్చుంది.

"తాగినావా?"

"నా బిడ్డ సాక్షిగా లేదు పెద్దమ్మా."

"బిడ్డనెందుకు లాగుతావు? ఆ పిల్ల వచ్చి కోర్టులో చెప్తాదా? ఏం జరిగిందో చెప్పు. టైములు పెట్టుకుంటా చెప్పు."

పరమేష్ కొంచెం ముందుకు జరిగాడు. "వారం నుంచి బండికి అదే రోగం పెద్దమ్మా. అద్దం లోపలి పక్క మసక. తుడిస్తే జిడ్డు. ఒకడు ఏసీ గ్యాసన్నాడు, ఒకడు ఫిల్టరన్నాడు. రెండూ మార్పిచ్చినాం, మల్లా అదే. మంగళవారం మద్దేనం కర్నూల్లో చిన్న ఈరన్న షెడ్డులో బండి ఇడిసి, నేను కోడుమూరు పోయినా. నా బామ్మర్ది కొత్తింట్లో చేరతాండాడని."

"మల్లెప్పుడొచ్చినావు?"

"నిన్న తెల్లారుజామున మొదటి బస్సెక్కి, కర్నూల్లో ఇంకో బస్సు మారినా. ఆరుకు పది నిమిషాలుందనంగా ఫ్యాక్టరీ కాడ దిగినా. సారు అప్పుటికే బండిలో కూర్చోనుండె. మొకం కడుక్కుని ఎక్కినా, అంతే."

"బండి రిపేరైందని ఎవురు చెప్పిరి?"

"గోపన్న. ఈరన్న కాడ నుంచి బండి తెచ్చింది ఆయప్పే. రెండు దినాలు తాళం ఆయప్ప కాడనే ఉండె."

"దావలో ఓబుళేశు ఏమన్నా మాట్లాడినాడా?"

"కడపలో వాటాల కాయితం రద్దు చేపిస్తా, ఈ పొద్దుతో బావమరిదితో పొత్తు సరి అనె. నేను ఊకొట్టినా. మలుపు కాడికి వస్తాంటే చలికి అద్దం అంచున కొంచెం చెమ్మ కనపడె. గాలి అద్దం మీదికి తిప్పినా. పుస్సుమని లోపల్నుంచి ఎగదన్నె పెద్దమ్మా! కన్ను మూసి తెరిచేలోపల ఎదురంతా మబ్బైపాయ. ముక్కులోకి తియ్యటి వాసన. బ్రేకు తొక్కినా. కంకర మీద జారె."

రామలక్ష్మమ్మ లేచి అతని చొక్కా కాలరు పక్కకు లాగింది. కుడి భుజం మీద నుంచి ఎడమ డొక్క దాకా బెల్టు కోసిన నల్లటి వాత. గుంతలోకి బండి తోసి దూకేయాలనుకున్న వాడు బెల్టు పెట్టుకుంటాడా? కావాలని చావాలనుకున్న వాడు పెట్టుకుంటాడా? ఆమె కాలరు సరిచేసి కూర్చుంది. కళ్ళద్దాలు తుడుచుకుని, ఫైల్లో ఉన్న పరమేష్ వాంగ్మూలం తీసి చదివింది.

"'నేను నిద్రమత్తునందుండి, కండ్లకు మబ్బు కమ్మినందున, తియ్యని కల్లు వాసన...' ఏం పరమేషూ, కల్లన్నావా నువ్వు?"

"నేను కల్లనే మాటే అనలేదు!"

వాంగ్మూలం రాసిన రైటరు కానిస్టేబులు రంగస్వామి. గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు.

"నువ్వు రాసింది ఏందప్పా ఇది?"

రంగస్వామి తల గోక్కున్నాడు. "మబ్బైందని చెప్పినాడు. కోర్టుకు పొయ్యే కాయితం కదమ్మా, మంచి తెలుగులో ఉండాల్ల కదా. మబ్బంటే మత్తే కదా అని... తియ్యటి వాసనంటే ఇంగేముంటాది, కల్లు తప్ప?"

"మబ్బుతోనే లేచి ఎద్దులకు మడకలు కట్టే ఊర్లో పుట్టినావు. మబ్బంటే చీకటని నీకొకరు చెప్పాల్నా? నీ మంచి తెలుగు మనిషిని జైలుకు మోస్తాంది నాయనా."

రంగస్వామి మొహం చిన్నబోయింది. ఆమె అక్కడితో వదిలేసింది. కొన్ని మాటలు ఒకసారి అంటేనే పని చేస్తాయి.

రెండూ అయిదు. బండి స్టేషన్ వెనక రేకుల కింద ఉంది. ఎడమ తలుపులు లోపలికి నొక్కుకుపోయాయి. ఇంజనుకూ రేడియేటరుకూ దెబ్బ లేదు. శివజ్యోతి చెప్పగా రామలక్ష్మమ్మ పొద్దున్నే ఫోను చేసి పిలిపించిన మెకానిక్కు చిన్న ఈరన్న అప్పటికే కర్నూలు నుంచి వచ్చి బండి పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు.

ఆమె డ్రైవరు సీట్లో కూర్చుని ముందద్దం లోపలి పక్క వేలు పెట్టి లాగింది. వేలు జారింది. చెమ్మ అయితే ఆరిపోవాలి, ఇది ఆరలేదు, నూనె చెయ్యి తగిలినట్టు జిడ్డుగా ఉంది. వాసన చూసింది. పాకం మాడకముందు వచ్చే వాసన.

"నాలిక మీద పెట్టద్దమ్మా, విషమది!" ఈరన్న కేకేశాడు. "కూలెంటు. రేడియేటర్లో పోసే మందు."

"అది రేడియేటర్లో ఉండాల్సింది, అద్దం మీదికి ఎట్లొచ్చె?"

"డ్యాష్‌బోర్డు లోపల హీటరు కాయిలుంటాది. ఇంజను వేడినీళ్ళు దాంట్లోకి పోయి వస్తాంటాయి. కాయిలు కారితే, గాలి పెట్టినప్పుడల్లా ఆ ఆవిరి నేరుగా అద్దానికి కొడతాది. ఎన్నిసార్లు తుడిసినా మల్లా పడతాది. వారం దినాలు వీళ్ళు ఫిల్టర్లు మార్సుకుంటా కూర్చున్న రోగం అదే."

రామలక్ష్మమ్మ వంగి ఎడమ పక్క కాళ్ళ కింది పట్టను నొక్కింది. వేళ్ళ మధ్యకు పచ్చటి నీళ్ళు ఊరాయి. గ్లాసుడు కాదు, చెంబుకు పైనే.

"ఇది నీకు మంగళవారమే తెల్సినా?"

"తెల్సుకునే పని చేసినా. కొత్త కాయిలు తెప్పియ్యాలంటే డ్యాష్‌బోర్డంతా ఇప్పల్ల. మన సీమలో హీటరు ఎవునికమ్మా? ఎండకే చస్తాండాం! నేనెప్పుడూ చేసేదే చేసినా. కాయిల్లోకి పొయ్యే పైపు, వచ్చే పైపు రెండూ ఊడబీకి, మద్దెన ఇనప గొట్టం ముక్క పెట్టి, రెండింటినీ కలిపి బైండింగు వైరుతో బిగించినా. నీళ్ళు కాయిల్లోకే పోవు. ఇంగ మసక యాడిది?"

"మరి నిన్న యాడిది?"

ఈరన్న బానెట్ ఎత్తాడు. ఇంజను వెనక గోడ వైపు చెయ్యి పోనిచ్చాడు. ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"అమ్మా." తల వెనక్కి తిప్పాడు. "ఇది నా పని కాదు. నా గొట్టం ముక్క లేదు. పైపులు రెండూ మల్లా కాయిలుకే తగిలించినారు. ఈ క్లిప్పులు నావి కావు. ఇంకోటి సూడు, కాయిలు మూతికి ఈడ బెజ్జం. తుప్పు తిన్నది కాదు, మేకుతో పొడిసింది. అంచులు తెల్లగా మెరుస్తాండాయి."

వెనక నుంచి వీరభద్ర నవ్వు వినిపించింది. "బాగుండాది కత. నేను ఇంజను తిప్పి సూసినా అంటి కదా. బెజ్జముంటే ఆ పొద్దే కనపడాల్ల."

"అయితే మల్లా తిప్పుదాం సార్. నువ్వే కూర్చో డ్రైవరు సీట్లో."

ఈరన్న రేడియేటరు నింపాడు. రెండూ పదిహేనుకు ఇంజను మొదలైంది. వీరభద్ర స్టీరింగు మీద చెయ్యేసి, కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. రామలక్ష్మమ్మ గడియారం చూస్తూ కిటికీ పక్కన నిలబడింది.

మూడు నిమిషాలు. ఏమీ లేదు.

"అయిదైపాయ," అన్నాడు వీరభద్ర. "అద్దం సూడు. తల దువ్వుకోవచ్చు."

"దువ్వుకో సార్, టైముంది."

తొమ్మిది నిమిషాలు. గోడ మీది నుంచి శివజ్యోతి తొంగి చూస్తోంది. రామలక్ష్మమ్మ మళ్ళీ గడియారం చూసుకుంది. ఒకవేళ రాకుంటే? నిన్ననే నీళ్ళన్నీ కారిపోయి, కాయిలు గాలి పట్టి ఉంటే? తన మాట నమ్మి ఆ పిల్ల అక్కడ నిలబడి ఉంది. పన్నెండు. ఇంజను వేడి ముల్లు మధ్యకు ఎక్కింది.

పద్నాలుగు.

"ఇప్పుడు గాలి అద్దం మీదికి తిప్పు సార్. మూడో నంబరు."

వీరభద్ర మీట తిప్పాడు. పుస్సుమని చప్పుడు. అద్దం కింది అంచు నుంచి తెల్లగా ఏదో లేచింది, రెండు గుక్కలు నీళ్ళు తాగేంతలో అద్దమంతా పాకింది. సీఐ మొహం బయటివాళ్ళకు కనపడకుండా పోయింది. లోపల నుంచి దగ్గు, తలుపు కోసం తడుముకునే చప్పుడు. తలుపు తీసుకుని ఆయన దాదాపు బయటికి పడ్డాడు.

"కల్లు వాసనొచ్చిందా సార్?" అడిగింది రామలక్ష్మమ్మ.

రంగస్వామి ముక్కు ఎగబీల్చి తల దించుకున్నాడు.

"ఫ్యాక్టరీ నుంచి క్వారీ మలుపుకు పద్నాలుగు నిమిషాలు. ఇంజను కాగేదానికీ అంతే. నువ్వు అయిదు నిమిషాలకు ఆపితివి, అదీ గాలి పెట్టకుండా. పాలు పొంగలేదంటే పొయ్యి తప్పా? ఈరన్నా, మల్లా నీ పద్ధతిలో కలుపు."

ఇంజను కాస్త చల్లారనిచ్చి, పైపులు పీకి, కొత్త గొట్టం ముక్కతో కలిపి బిగించడానికి ఈరన్నకు పదహారు నిమిషాలు పట్టింది. సబ్బు నీళ్ళలో ముంచిన కాగితంతో అద్దం జిడ్డు రెండుసార్లు తుడిచాడు. మళ్ళీ ఇంజను, మళ్ళీ గాలి. ఈసారి అద్దం కదలలేదు. గేటు అవతల రోడ్డు మీద పోయే ఆటో నంబరు కూడా కనపడింది.

పరమేష్‌ను మెట్ల దాకా తీసుకొచ్చి నిలబెట్టారు. అద్దం వంక చూసి అతను గట్టిగా కళ్ళు మూసుకున్నాడు. నిన్నటి నుంచి అతను చెప్తున్నది నిజమని ఇప్పుడు అతనికే నమ్మకం కుదిరినట్టుంది.

వీరభద్ర మాత్రం తగ్గలేదు. ఊడదీసిన క్లిప్పులు అరచేతిలో పెట్టుకుని చూశాడు. మర సందుల్లో తెల్లటి పొడి గట్టిగా పేరుకుపోయి ఉంది.

"బండల పొడి," అన్నాడు. "కోత మిషన్ల మీదికి నీళ్ళిడిసే పైపుల క్లిప్పులివి. సరే, ఎవుడో కావాల్నని చేసినాడు. ఒప్పుకుంటా. ఆ ఫ్యాక్టరీ మనిషే. పరమేష్ యాడ పని చేస్తాండాడు మరి? నువ్వు నా కేసు పగలగొట్టలేదు రామలక్ష్మమ్మా, గట్టి చేసినావు!"

మెట్ల మీద నుంచి పరమేష్ రామలక్ష్మమ్మ వంక చూశాడు. ఆ మాట నిజమే, ఆ క్లిప్పు ఎవరైనా తీసుకోవచ్చు. ఆమె ఫైలు మళ్ళీ తెరిచింది.

"నీ కాయితాలే చెప్తాయి సార్. పరమేష్ జేబులోంచి మీరు తీసుకున్న వస్తువుల్లో బస్సు టికెట్టుంది. నిన్న తెల్లారి అయిదూ ఇరవైకి కర్నూల్లో కొట్టింది. ఆరింటికి బండి కదిలింది. ఈరన్నంతటోనికి పదహారు నిమిషాలు పట్టిన పని, ఓనరు బండిలో కూర్చోనుండంగా, ఎదురుగా బానెటెత్తి చేసినాడా వీడు?"

"మంగళవారం రాత్రో, బుధవారమో వచ్చి..."

"ఆ రెండు దినాలూ కోడుమూర్లో ముప్పై మంది పంక్తిలో కూర్చుని తిన్నాడు. అడిగించు. అది కాదు సార్, అసలుది ఈడుంది." ఆమె గోపన్న ఫిర్యాదు తీసి వేలు పెట్టింది. "దీని మీద టైమెంత?"

"ఏడూ నలభై. పొద్దున."

"మూడో వరస గట్టిగా చదువు."

వీరభద్ర చదివాడు. "'సదరు డ్రైవరు అద్దము మసకబారినదని అబద్ధము చెప్పును గావున నమ్మవద్దని...'"

చదువుతూ చదువుతూ ఆయన గొంతు తగ్గిపోయింది.

"పరమేష్‌కు తెలివొచ్చింది పదకొండింటికి," అంది రామలక్ష్మమ్మ. "ఓబుళేశుకు అసలే లేదు. ఆ బండిలో ఏమైందో ఏడూ నలభైకి చెప్పేదానికి నోరున్న మనిషే లేడు."

"పాత రోగమే కదా, దాన్నే సాకుగా చెప్తాడని ఊహించి..."

"ఈరన్నా, బండి ఇచ్చినప్పుడు గోపన్నకు ఏం చెప్పినావు?"

"ఇంగ ఈ జన్మలో మసక రాదని చెప్పినా. సరేనని తల కూడా ఊపె. గొట్టం ముక్క యాడ పెట్టినావో సూపించమని అడిగి మరీ సూసుకుని పోయినాడు."

వీరభద్ర ఫిర్యాదు కాగితాన్ని మడతపెట్టలేక, పట్టుకోలేక అట్లాగే నిలబడ్డాడు. రామలక్ష్మమ్మ ఉన్నట్టుండి ఫైలు మూసింది.

"సార్. ఓబుళేశు దగ్గర ఇప్పుడు ఎవురుండారు?"

వీరభద్ర అప్పటికే ఆసుపత్రికి ఫోను కలుపుతున్నాడు. అవతలి నర్సు మాట స్పీకరులో అందరికీ వినిపించింది. "ఓబుళేశుగారికి పన్నెండున్నరకు స్పృహ వచ్చింది సార్. అద్దం, అద్దం అంటున్నారు. కడపలో పెద్దాసుపత్రికి తీసుకుపోతామని బావమరిదిగారే సంతకం చేసి, రెండూ పదికి సొంత కార్లో తీసుకుపోయారు. అంబులెన్సు వద్దన్నారు."

గడియారంలో మూడుకు అయిదు తక్కువ.

వీరభద్ర స్పీకరులోనే గోపన్న నంబరు కొట్టి, వేలితో అందరినీ ఊరుకోమన్నాడు. నాలుగుసార్లు మోగాక అవతల ఎత్తారు.

"ఆ, సీఐ సార్!" గోపన్న గొంతు ఇంట్లో కూర్చున్నంత నింపాదిగా ఉంది, వెనక ఏదో కీసుమంటోంది. "నంద్యాల దాటినాం సార్. బావ నిద్రపోతాండాడు. సాయంత్రానికి కడపలో ఉంటాం. పరమేష్‌గానికి రిమాండైందా?"

"అవుతాంది," అన్నాడు వీరభద్ర. "జాగర్తగా పోండి."

ఫోను పెట్టేశాడు. "నంద్యాల దాటినారంట. అలర్టు చేస్తే ఆళ్ళగడ్డ కాడ..."

"నంద్యాల కాదు సార్." మెట్ల మీద నుంచి పరమేష్ అన్నాడు. అందరూ తిరిగి చూశారు. "ఎనక చప్పుడు ఇనలేదా? కంకర మిషను. పట్టీ వదులై కీసుమని అరుస్తాండాది, రెండు అరుపులకొక దెబ్బ. హైవే మీద యాడిది సార్ అది? సుద్దగుట్ట క్వారీ మిషను. ఆరేండ్లు దాని పక్కన లోడెత్తినా, నిద్రలో ఇన్నా గుర్తుపడతా."

"సుద్దగుట్టకు దారి నీకు తెల్సా?" రామలక్ష్మమ్మ అడిగింది.

"హైవే మీదినుంచి పోతే అరగంట. గుట్టల ఎనక నుంచి లారీల దావ ఒకటుంది. పది నిమిషాలు. జీపుకు తెలీని మనిషైతే మద్దెనలోనే ఇరుక్కుంటాడు."

వీరభద్ర పరమేష్ కట్టు కట్టిన నుదుటి వంక, గేటు దగ్గరి శివజ్యోతి వంక చూశాడు. చూసి, జేబులోంచి బేడీల తాళంచెవి తీశాడు. బేడీలు ఊడి మెట్టు మీద పడ్డాయి. పరమేష్ మణికట్టు రుద్దుకోవడానికి కూడా ఆగలేదు. జీపు డ్రైవరు సీట్లోకి ఎక్కాడు. పక్కన సీఐ, వెనక రామలక్ష్మమ్మ, ఆమె పక్కన రంగస్వామి. జీపు గేటు దాటి, రోడ్డు వదిలి, గుట్టల వైపు మట్టిలోకి దిగింది.

"ఆ లారీల దావ సుద్దగుట్ట దాటినాక ఏ ఊరికి పోతాది?" వీరభద్ర అడిగాడు.

పరమేష్ గేరు మార్చాడు.

"ఏ ఊరికీ పోదు సార్. నీళ్ళ గుంత కాడ ఆగిపోతాది."